సంక్రాంతి సాయంత్రం పాత తారల వేషప్రదర్శన: ఎలా ఏర్పాటు చేయాలి, ఎలా నడపాలి

సంక్రాంతికి అందరూ ఊరు చేరాక, భోగి నాడో కనుమ నాడో రామాలయం ముందు పందిట్లో గానీ హైస్కూలు మైదానంలో గానీ వేదిక కట్టి, ఎన్టీఆర్, ఏఎన్నార్, సావిత్రి, ఎస్వీ రంగారావు వంటి పాత తారల గెటప్పులతో, గొంతులతో, పాటలతో ప్రదర్శన ఇవ్వడం తెలుగు ఊళ్లకు కొత్త కాదు. తార పేరుకు ముందు ‘జూనియర్’ అని చేర్చుకుని తిరునాళ్లలో, జాతరల్లో ఆడి కుటుంబాలను పోషించుకున్న కళాకారులు ఎందరో ఉన్నారు. అయితే ఈ ప్రదర్శనలు రెండు విధాలుగా చెడిపోతున్నాయి. కొన్నిచోట్ల అవి అసభ్యమైన రికార్డింగ్ డ్యాన్సుగా మారి పోలీసుల దాకా వెళుతున్నాయి, మరికొన్నిచోట్ల ఆ మహానటులను వెక్కిరించే హాస్య స్కిట్లుగా దిగజారుతున్నాయి. మొదటిసారి ఇటువంటి కార్యక్రమం తలపెట్టినవారు ఈ రెండింటి జోలికీ పోకుండా, ముందు వరుసలో కూర్చున్న పెద్దవారి కళ్లు చెమర్చేలా, వెనక నిలబడిన పిల్లలు ‘ఈయన ఎవరు’ అని అడిగేలా దాన్ని ఎలా నడపవచ్చో ఇక్కడ వరుసగా చెబుతాను.

అన్నిటికంటే ముందు ఒక మాట గట్టిగా చెప్పాలి. ముఖం పోలికను వెతకకండి. ఇరవై అడుగుల దూరం నుంచి, రంగు పూసుకున్న ముఖంలో, ముక్కు తీరు ఎవరికీ కనిపించదు. ప్రేక్షకుడు తారను గుర్తుపట్టేది నడకను బట్టి, నిలబడే తీరును బట్టి, మాటకూ మాటకూ మధ్య ఆగే తీరును బట్టి. కళాకారుల ఎంపిక నుంచి మైకు పట్టుకునే పద్ధతి వరకు మీ నిర్ణయాలన్నీ ఈ ఒక్క విషయం చుట్టూ తిరగాలి.

కాలాన్ని, కథను ఎంచుకోవడం

కార్తీక మాసం ముగిసేలోపే మీరు ఏ కాలపు తారలను చూపిస్తారో తేల్చుకోండి. ఒకే సాయంత్రంలో చిత్తూరు నాగయ్య నుంచి ఎనభైల నాటి హీరోల వరకు అందరినీ తెస్తే ఎవరి లోకమూ ఏర్పడదు, వేషం వెనక వేషం వచ్చి పోతుంది. ఇప్పుడు డెబ్బై దాటినవారు చిన్నతనంలో టూరింగ్ టాకీసుల నేల మీద కూర్చుని చూసిన సినిమాలు యాభైల, అరవైల నాటివి కాబట్టి, ఆ ఇరవై ఏళ్లకు పరిమితం కావడం మంచిదని నా అభిప్రాయం.

కాలం తేలిన తరువాత, ప్రదర్శనకు వెన్నెముకలా నిలిచే ఒక సినిమాను ఎంచుకోండి. కొత్తవారు ఎవరు అడిగినా నేను సూచించేది 1957 మార్చి 27న విడుదలైన ‘మాయాబజార్’. ఇది అభిమానంతో మాత్రమే చెబుతున్న మాట కాదు. మీకు కావలసిన తారలందరూ ఒకేచోట దొరికే సినిమా అది: శ్రీకృష్ణుడుగా ఎన్టీఆర్, అభిమన్యుడుగా ఏఎన్నార్, శశిరేఖగా సావిత్రి, ఘటోత్కచుడుగా రంగారావు, బలరాముడుగా గుమ్మడి, శకునిగా సీఎస్సార్, లక్ష్మణకుమారుడుగా రేలంగి, చిన్నమయ్యగా రమణారెడ్డి, హిడింబిగా సూర్యకాంతం. పిల్లలకు కూడా టీవీ ద్వారా, 2010లో వచ్చిన రంగుల ప్రతి ద్వారా ఎంతో కొంత తెలిసిన కథ కావడం మరో సౌకర్యం.

అంతకంటే ముఖ్యంగా, అనుకరణ అనే కళకు ఆ సినిమాలోనే ఒక పాఠం ఉంది. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించినప్పుడు, సావిత్రి తన ముఖంతోనే, తన చీరకట్టుతోనే, లోపల ఉన్నది రంగారావు అని ప్రేక్షకుడిని నమ్మించాలి. ఆమె ఆయనలా మేకప్ వేసుకోలేదు, గడ్డం అంటించుకోలేదు. భుజాలు విప్పార్చి అడుగు బరువుగా వేయడం, కనుబొమ ఒక్కసారి పైకెత్తడం, ఆడపిల్ల ఒద్దికలోకి వెంటనే సర్దుకోవడం, ఇంతే ఆమె చేసిన పని. మీ బృందమంతటినీ కూర్చోబెట్టి ఆ ఘట్టాన్ని ధ్వని ఆపేసి మూడు నాలుగుసార్లు చూపించండి. మాట వినిపించకపోయినా ఘటోత్కచుడు కనిపిస్తూనే ఉంటాడు. ఆ తరువాత మీరు ఇచ్చే సూచనలు వారికి సులువుగా అర్థమవుతాయి.

కళాకారులను ఎంచుకోవడం

ఎనిమిది, తొమ్మిది మందికి మించి తారలు అక్కర్లేదు. వేదిక మీద వేషం వేసేవారు, పక్కన కూర్చుని పాడేవారు, గొంతు అనుకరించే మిమిక్రీ కళాకారుడు అని మూడు రకాల మనుషులు కావాలి. ఈ మూడూ ఒక్కరిలోనే ఉండాలని పట్టుపట్టకండి. సినిమాలోనే నటించినవారు వేరు, పాడినవారు వేరు కదా.

వేషానికి మనిషిని ఎంచేటప్పుడు సంభాషణ చెప్పించకండి, ముందు నడిపించి చూడండి. వేదిక ఒక చివరి నుంచి మరొక చివరికి నడిచి, ఆగి, వెనక్కి తిరిగి చూడమనండి. రంగారావు పాత్రకు కావలసింది తొందర లేని మనిషి; ఎత్తు తక్కువైనా పరవాలేదు గానీ కంగారు మనిషి మాత్రం పనికిరాడు. ఎన్టీఆర్ వేషానికి మెడ నిటారుగా నిలిచి, తల తిరగకుండా చూపు మాత్రమే తిరగగలిగినవారు కావాలి. ఏఎన్నార్ వేషానికి కాలు తేలికగా కదిలేవారు, నవ్వేటప్పుడు తల కొంచెం పక్కకు వాల్చగలిగినవారు సరిపోతారు. రేలంగి, రమణారెడ్డి జంటకు ఒకరు బొద్దుగా, ఒకరు సన్నగా పొడుగ్గా ఉంటే సగం పని అయిపోయినట్టే. సూర్యకాంతం వేషం వేసే ఆమెకు ఒకే ఒక్క విషయం నేర్పండి: ఆవిడ ఎడమచేతి వాటం మనిషి కాబట్టి, గదమాయింపు ఎప్పుడూ ఎడమ చేత్తోనే రావాలి. ఆ చేయి లేచిన క్షణంలోనే పెద్దవారి నుంచి చప్పట్లు మొదలవుతాయి.

సావిత్రి వేషం కష్టం. ఆవిడ నటన కళ్లలో ఉంది, మీ వేదిక నుంచి కళ్లు కనిపించవు. అందువల్ల ఆ వేషధారికి దగ్గరి చూపుల మీద ఆధారపడే ఘట్టం ఇవ్వకుండా, తల తిప్పి భుజం మీదుగా చూడటం, జడ ముందుకు వేసుకోవడం, కోపం నటిస్తూ రెండడుగులు వెనక్కి వేయడం వంటి దూరానికి కనిపించే చేష్టలు ఉన్న ఘట్టం ఇవ్వండి. మాయా శశిరేఖ ఘట్టం అందుకే సరిగ్గా సరిపోతుంది.

స్త్రీ పాత్రలను మగవారు వేయవచ్చునా అని చాలామంది అడుగుతారు. మన నాటకరంగంలో దానికి గొప్ప వారసత్వమే ఉంది. సత్యభామగా ఆంధ్రదేశాన్ని ఉర్రూతలూగించి, 1956లో పద్మశ్రీ అందుకున్న స్థానం నరసింహారావు గారు పురుషుడే. అక్కినేని కూడా నాటకాల్లో స్త్రీ పాత్రలతోనే పేరు తెచ్చుకున్నారు. ఎన్టీఆర్ అయితే విజయవాడలో కళాశాల నాటకంలో నాగమ్మ వేషానికి మీసం తీయనని పట్టుబట్టి ‘మీసాల నాగమ్మ’ అనిపించుకున్నారు. కానీ స్థానం వారికి ఉన్న సాధన లేకుండా మగవాడు సావిత్రి చీర కడితే అది వెంటనే ఎగతాళి అవుతుంది. మీ ఊళ్లో నాట్యం నేర్చుకున్న అమ్మాయి ఉంటే ఆ వేషం ఆమెకే ఇవ్వండి.

వృత్తి కళాకారులను పిలిచినప్పుడు పారితోషికం, ప్రయాణం ఖర్చు, బస, భోజనం, ఎన్ని నిమిషాల ప్రదర్శన అన్నది ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు చేయండి. సంక్రాంతి వారికి ఏడాదిలో ముఖ్యమైన సంపాదన కాలం. ఆఖరి నిమిషంలో కార్యక్రమం రద్దు చేస్తే ఆ రాత్రి వారికి మరొక వేదిక దొరకదు. కాబట్టి సగం సొమ్ము ముందుగానే ఇవ్వడం న్యాయం.

గొంతును పట్టుకోవడం

తెలుగునాట మిమిక్రీకి గౌరవం తెచ్చిన వ్యక్తి వరంగల్లుకు చెందిన నేరెళ్ల వేణుమాధవ్ గారు. ఆయన 1932 డిసెంబరు 28న జన్మించారు; 2001లో పద్మశ్రీ అందుకుని, 2018 జూన్‌లో కన్నుమూశారు. ఆయన పుట్టినరోజును మిమిక్రీ కళాకారులు పండుగలా జరుపుకుంటారు. అది సరిగ్గా మీ రిహార్సళ్ల మధ్యలో, ధనుర్మాసంలో వస్తుంది కనుక ఆ రోజు మీ బృందం ఆయనను తలచుకుని పని మొదలుపెడితే బాగుంటుంది.

కొత్త కళాకారులు గొంతు అనుకరణ అనగానే శ్రుతిని పట్టుకోవడానికి ప్రయత్నిస్తారు. రంగారావు అంటే గొంతు లావు చేస్తారు, రేలంగి అంటే సన్నం చేస్తారు. గొంతు బొంగురుపోవడానికి ఇదే దారి. దీనికి బదులు ఇలా చేయించండి. ఒక నిమిషం నిడివి ఉన్న ఒకే ఒక్క సన్నివేశాన్ని ఎంచుకుని, ఆ మాటలన్నీ కాగితం మీద రాయించండి. సినిమా వింటూ, నటుడు ఎక్కడ ఆగాడో అక్కడ ఒక నిలువు గీత, ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో అక్కడ రెండు గీతలు, ఏ అక్షరం మీద బరువు పెట్టాడో దాని కింద అడ్డగీత గీయించండి. ఆ గీతల ప్రకారం మామూలు గొంతుతోనే చదివించండి. వారం రోజులు ఇలా చదివిన తరువాత గొంతు మార్చమనండి. రంగారావు గీతలు ఎక్కువగా మాటల మధ్యలోనే పడతాయి. వాక్యం పూర్తికాకముందే ఆగి, ఎదుటివాడిని ఎదురుచూడనిచ్చి, ఆ తరువాత మిగిలిన మాట వదులుతారు ఆయన. ఎన్టీఆర్ పౌరాణికాల్లో ఒత్తులు, మహాప్రాణాలు ఒక్కటి కూడా జారిపోవు. ఏఎన్నార్ వాక్యం చివర మెత్తబడుతుంది. ఈ తేడాలు కాగితం మీద కనిపించాక, శ్రుతి తేడా తానంతట తానే వస్తుంది.

సభలో చెప్పే సంభాషణలను సినిమాలోంచి ఎత్తి యథాతథంగా పెట్టకండి. సంక్రాంతికి ఊరు వచ్చిన ఘటోత్కచుడు భోగి మంట చూసి ఏమంటాడో, కోడిపందేల గురించి శకుని ఏమి లెక్క వేస్తాడో, ఆ మాటలను మీ ఊళ్లో రాయగలిగినవారి చేత కొత్తగా రాయించండి. మాట కొత్తది, తీరు పాతది అయినప్పుడే అనుకరణలో ఉన్న నేర్పు సభకు తెలుస్తుంది.

పాటలు, హక్కులు

ఇక్కడ నిర్వాహకులు తరచుగా తొందరపడతారు కనుక కొంచెం వివరంగా చెబుతాను. పెన్‌డ్రైవ్‌లో పాట పెట్టి పెదవులు కదిలించడం తేలిక, కానీ అలా చేస్తే కళాకారుడు బొమ్మ అయిపోతాడు. వేదిక కుడి పక్కన, సభకు కనిపించేలా, ఒక గాయకుడిని, ఒక గాయనిని, హార్మోనియం లేదా కీబోర్డు, తబలాతో కూర్చోబెట్టండి. వారు పాడుతుంటే వేషధారులు మధ్యలో అభినయిస్తారు. ఘంటసాల గారు ఎన్టీఆర్‌కు ఒక తీరుగా, ఏఎన్నార్‌కు మరొక తీరుగా గొంతు మలచి పాడేవారని మన పెద్దలు చెప్పుకునే మాట ఉంది. మీ గాయకుడు ఒకే చోట కూర్చుని ఇద్దరికీ పాడి చూపిస్తే, ఆ మాటలోని నిజం సభకు కళ్లముందే తెలుస్తుంది. ‘వివాహ భోజనంబు’ పాటకు మాత్రం మాధవపెద్ది సత్యం గారి బాణీ గొంతు కావాలి. ఘంటసాల పాటలు పాడేవారు దాన్ని సరిగా పాడగలరని అనుకోవద్దు, విడిగా మనిషిని వెతకండి.

ఇక హక్కుల సంగతి. మన కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం సినిమాకు, ధ్వనిముద్రణకు హక్కు అవి వెలువడిన తరువాతి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్లు ఉంటుంది. ఆ లెక్కన 1957లో వచ్చిన గ్రామఫోన్ రికార్డు మీద హక్కు 2017 చివరతో ముగిసింది. అయితే పాటలోని సాహిత్యానికీ సంగీతానికీ లెక్క వేరు: రచయిత, స్వరకర్త మరణించిన తరువాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు. పింగళి నాగేంద్రరావు గారు 1971లో, ఘంటసాల గారు 1974లో మరణించారు కనుక వారి రచనల మీద, బాణీల మీద హక్కులు ఇంకా అమలులోనే ఉన్నాయి. టికెట్టు పెట్టినా, వృత్తి కళాకారులకు డబ్బిచ్చి పాడించినా, సాహిత్య సంగీతాల హక్కులు చూసే ఐపీఆర్ఎస్ సంస్థ నుంచి లైసెన్సు తీసుకోండి. అరవై ఏళ్లు నిండని రికార్డులను నేరుగా వినిపించదలిస్తే ఆ రికార్డుల హక్కుదారుల అనుమతి విడిగా కావాలి. టికెట్టు లేకుండా ఔత్సాహిక సంఘం తానే ప్రదర్శించే సందర్భానికి, మతసంస్థ ప్రయోజనార్థం జరిగే ప్రదర్శనకు చట్టంలోని 52వ సెక్షన్ కొంత మినహాయింపు ఇస్తుంది. మీ కార్యక్రమం ఆ పరిధిలోకి వస్తుందో రాదో ఊళ్లోని న్యాయవాదిని అడిగి తెలుసుకోవడం అరగంట పని. ఆ అరగంట తప్పనిసరిగా కేటాయించండి.

వేషం, రంగు, వెలుతురు

పౌరాణిక కిరీటాలు, భుజకీర్తులు, గదలు, వడ్డాణాలు పద్యనాటకాలు ఆడే పట్టణాల్లో అద్దెకు దొరుకుతాయి. సంక్రాంతికి గిరాకీ ఎక్కువ కనుక డిసెంబరు మొదటి వారంలోనే బయానా ఇచ్చి, తల చుట్టుకొలత చూసి కిరీటం పెట్టి చూసుకోండి. వదులు కిరీటం ఎంత గొప్ప నటుడినైనా తల పట్టుకుని నిలబెడుతుంది.

రంగుల గురించి ఒక సూచన చేస్తాను. ఆ సినిమాలను మన పెద్దవారు నలుపు తెలుపులో చూశారు. మిలమిలలాడే ఎర్ర పట్టు, ఆకుపచ్చ జరీ వేసి వారి ముందుకు తెస్తే, వేషం ఎంత ఖరీదైనదైనా జ్ఞాపకంతో కలవదు. ఒక్క ఘట్టానికైనా తెలుపు, బూడిదరంగు, నలుపు, వెండిరంగు దుస్తులు మాత్రమే వాడి, వెనక నల్లతెర వేసి, రంగు దీపాలన్నీ ఆర్పి తెల్లని వెలుతురు ఒకవైపు నుంచి మాత్రమే పడేలా చేయండి. పెదవులకు ఎరుపు బదులు ముదురు గోధుమరంగు, బుగ్గలకు లేత బూడిద నీడ చాలు. వేదిక వెలిగిన మరుక్షణం సభలో వచ్చే నిశ్శబ్దం కోసమైనా ఈ శ్రమ పడవచ్చు.

మేకప్పుకు పాతకాలపు అర్దళం వాడతామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అది ఆర్సెనిక్ ఉన్న ఖనిజం, చర్మానికీ ఊపిరికీ హానికరం. ఇప్పుడు దొరికే స్టేజి పాన్‌కేక్ వాడి, ముందు రోజు ప్రతి కళాకారుడి మోచేతి లోపలి వైపు కొంచెం పూసి పడుతుందో లేదో చూడండి. మీసం అంటించే గమ్ముకు కూడా ఇదే జాగ్రత్త. రంగు తీసేందుకు కొబ్బరినూనె, మెత్తని నూలు గుడ్డలు సిద్ధంగా ఉంచండి.

విందు ఘట్టంలో లడ్డూలు, గారెలు వాటంతట అవే కదిలి ఘటోత్కచుడి నోటికి చేరడం చూపాలని అందరికీ ఆశగా ఉంటుంది. ఆ మాయలను తరతరాలుగా వేదిక మీద చేసి చూపిస్తున్న ఘనత 1885లో మొదలైన సురభి నాటక సమాజానిది. మీకు వారి సామగ్రి లేదు కనుక సులభమైన పద్ధతి చెబుతాను: నల్లతెర ముందు నల్లబట్ట కప్పిన బల్ల, దాని వెనక తల నుంచి పాదం దాకా నల్ల దుస్తులు, నల్ల చేతితొడుగులు వేసుకున్న ఇద్దరు కుర్రవాళ్లు, తెల్లగా మెరిసే పళ్లేలు. వెలుతురు పళ్లేల మీద, ఘటోత్కచుడి మీద మాత్రమే పడాలి. వెనక తెర మీద పడితే కుర్రవాళ్లు కనిపించిపోతారు. ఈ ఒక్క ఘట్టానికి మిగతా అన్నిటికీ కలిపి చేసినంత రిహార్సల్ చేయించండి.

మైకు

గొంతు అనుకరించేవారికి కాలర్ మైకు వద్దు, చేతి మైకు ఇవ్వండి. చేతి మైకును పెదవులకు రెండు వేళ్ల దూరానికి తెస్తే గొంతులోని మంద్రం పెరుగుతుంది, జానెడు దూరం పెడితే గొంతు పల్చబడుతుంది. రంగారావుకు దగ్గరగా, రేలంగికి దూరంగా పట్టుకుంటే కంఠానికి శ్రమ లేకుండానే తేడా వస్తుంది. దగ్గరగా పట్టుకున్నప్పుడు ‘ప’, ‘బ’ అక్షరాల గాలి కొట్టకుండా మైకును నోటికి నేరుగా కాక కొంచెం పక్కగా పెట్టమనండి. ఇది సాధనతో వచ్చేది కాబట్టి రిహార్సళ్లలో కూడా నిజమైన మైకే వాడాలి.

పాత రికార్డు ఏదైనా వినిపించవలసి వస్తే, అది ఒకే చానల్లో ముద్రించినదని, దానిలో లోతైన బాస్ ఉండదని సౌండ్ సిస్టం అబ్బాయికి ముందే చెప్పండి. డీజే పెట్టెలతో దాన్ని పెంచితే మాట పోయి మోత మిగులుతుంది.

అనుమతులు, సమయం

శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలు, 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్ స్పీకర్లు వాడకూడదు. పండుగలకు అర్ధరాత్రి వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా ఉన్నా, దాని మీద ఆధారపడకుండా ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ముగించండి. జనవరి మంచులో పెద్దవారిని అంతకంటే ఎక్కువసేపు కూర్చోబెట్టడం కూడా తగదు. పోలీసు స్టేషన్‌లో రాతపూర్వక అనుమతికి దరఖాస్తు చేసేటప్పుడు ఘట్టాల జాబితా, కళాకారుల పేర్లు, దుస్తుల వివరం జతచేస్తే, రికార్డింగ్ డ్యాన్సు అనే అనుమానానికి తావుండదు. కరెంటుకు తాత్కాలిక కనెక్షన్, జనరేటర్, ఇసుక బక్కెట్లు, మంటలార్పే సిలిండర్ ఎలాగూ ఉండాలి. ఆడవారికి లోపలి నుంచి గడియ వేసుకునే దుస్తుల గది, మరుగుదొడ్డి లేకపోతే కార్యక్రమమే పెట్టుకోకండి.

వరుస కూర్చడం

వ్యాఖ్యాత ఎవరు అన్నదాన్ని బట్టి ప్రదర్శన స్వరూపమే మారిపోతుంది. టీవీ యాంకర్ ధోరణి ఇక్కడ పొసగదు. వేదిక ఎడమ మూల ఒక పాత వాల్వు రేడియో, బల్లదీపం పెట్టి, వ్యాఖ్యాతను రేడియో అనౌన్సర్‌గా కూర్చోబెట్టండి. 1948 డిసెంబరులో మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం ప్రకటనలూ, రేడియో సిలోన్‌లో తెలుగు పాటలు వినిపించిన మీనాక్షి పొన్నుదురై గారి పలకరింపూ పెద్దవారి చెవుల్లో ఇంకా ఉన్నాయి. నెమ్మదిగా, పూర్తి వాక్యాల్లో, అరవకుండా ప్రకటించే గొంతు ఒక్కటి ఉంటే వేషాలు మార్చుకునే సమయం కూడా కార్యక్రమంలో భాగమైపోతుంది.

వరుస కూర్చేటప్పుడు కథను కాదు, దుస్తులను చూసుకోండి. ఘటోత్కచుడి వేషానికి గంట పడుతుంది కాబట్టి అతను ఒకేసారి, సగం తరువాత రావాలి. మొదట మీ ఊరి హరిదాసును సభ మధ్యలోంచి నడిచి రానిచ్చి, సాంఘిక చిత్రాల పాటలు రెండు, రేలంగి రమణారెడ్డి ఘట్టం, ఆ తరువాత ఏఎన్నార్ పాట, సూర్యకాంతం ఘట్టం, ఒక పద్యం, చివరన మాయాబజార్ అన్న క్రమం బాగా నడుస్తుంది. పద్యానికి సభ ‘వన్స్ మోర్’ అనకుండా ఉండదు. హార్మోనియం పెట్టె ముందు నిలబడి రాగం తీసినవారిని మళ్లీ పాడించడం మన నాటక సంప్రదాయం కనుక, పద్యం తరువాత పది నిమిషాలు ఖాళీగా ఉంచుకోండి.

ఎన్టీఆర్, ఏఎన్నార్ ఘట్టాలకు సమాన సమయం ఇవ్వడం చిన్న విషయంలా కనిపించవచ్చు గానీ మన ఊళ్లలో అది చిన్నది కాదు. ఇద్దరూ 14 సినిమాల్లో కలిసి నటించారు. వారిద్దరినీ కలిపి నిలబెట్టే ఘట్టం ఒకటి ఉంచితే వర్గాల మాట రాదు. ఎన్టీఆర్ 1982 మార్చిలో పార్టీ పెట్టిన తరువాతి జీవితాన్ని వేదిక మీదికి తేకండి. కాషాయ వస్త్రం కనిపించిన క్షణం నుంచి అది పండుగ సభగా మిగలదు. అలాగే సావిత్రి గారి చివరి రోజుల కష్టాలను, ఏ తార వ్యసనాన్నైనా, అనారోగ్యాన్నైనా నవ్వు కోసం వాడనని మీ బృందం ముందే మాట ఇచ్చుకోవాలి. తాగుబోతు నడక చూపిస్తే నవ్వు వస్తుంది, నిజమే. అలాంటి నవ్వు మనకు వద్దు.

సన్మానాలు, శాలువాలు, నాయకుల ప్రసంగాలు ప్రదర్శనకు ముందే, పదిహేను నిమిషాల్లో ముగించండి. మధ్యలో సన్మానం పెడితే రంగు పూసుకున్న కళాకారులు చెమటలు కక్కుతూ తెర వెనక నిలబడాలి. ముందు రెండు వరుసల కుర్చీలు డెబ్బై దాటినవారికి కేటాయించి, కాగితం అంటించి, కాపలాగా ఇద్దరు వాలంటీర్లను పెట్టండి. ఆహ్వానితుల కుర్చీలు పక్కన వేయవచ్చు.

ఆ రోజు, ఆ తరువాత

ముందు రోజు సాయంత్రం పూర్తి వేషాలతో, పూర్తి వెలుతురుతో, అసలు సమయానికే ఒకసారి నడిపి చూడండి. మంచు పడే వేళకు కేబుళ్లు, స్విచ్ బోర్డులు తడవకుండా ప్లాస్టిక్ పట్టాలు కప్పించండి. తబలా చర్మం మెత్తబడి శ్రుతి దిగుతుంది కనుక వాద్యాలను చివరి నిమిషం వరకు గదిలోనే ఉంచండి. వేషధారులకు సాయంత్రం నాలుగింటికే తేలికైన భోజనం పెట్టించండి, పీక పొడిబారకుండా గోరువెచ్చని నీళ్లు అందుబాటులో ఉంచండి, మేకప్ అయ్యాక ఫొటోల కోసం ఊరి జనం గదిలోకి దూరకుండా చూడండి. ఫొటోలకు ప్రదర్శన తరువాత వేదిక మీదే పావుగంట ఇస్తే సరిపోతుంది. ఆ పావుగంట పిల్లలకు పండుగ.

వీడియో తీయించి ఇంటర్నెట్‌లో పెట్టదలిస్తే కళాకారుల అనుమతి ముందే కాగితంలో రాసుకోండి. పాటల హక్కుదారుల నుంచి అభ్యంతరం రాకుండా పాత రికార్డు ధ్వని లేని భాగాలను, మీ గాయకులు పాడిన భాగాలను వేరుచేసి ఉంచుకోండి. హక్కులున్న పాటకు ఇంటర్నెట్ అనుమతి విడిగా కావలసి రావచ్చు.

కిరీటాలు, నగలు జాబితా ప్రకారం లెక్కపెట్టి అద్దె పెట్టెలో సర్దించే పని ఇద్దరికి అప్పగించి, మీరు మాత్రం దుస్తుల గదికి వెళ్లండి. మిగిలిన పారితోషికం కవర్లలో పెట్టి, ఒక్కొక్కరి పేరు రాసి, రంగు తీసుకున్న తరువాత వారి చేతికే ఇవ్వండి. వేడి భోజనం వడ్డించి, ఆ రాత్రే ఇంకో ఊరు వెళ్లవలసినవారు ఉంటే వారి వాహనం డ్రైవరుకు కూడా భోజనం పెట్టించి పంపండి.